పదిహేనుకి ఏడు

విశ్వవిద్యాలయ పరీక్షలో వ్యాసరూప సమాధానానికి వేసిన మార్కు పక్కన కారణం రాసి ఉండదు. లెక్కల పేపరైతే ఏ మెట్టు దగ్గర పొరపాటు జరిగిందో ఎర్రగీత చూపిస్తుంది. చరిత్రలోనో, రాజనీతిశాస్త్రంలోనో, తెలుగు సాహిత్యంలోనో నాలుగేసి పేజీలు నింపిన విద్యార్థికి మెమోలో దక్కేది పేపరు మొత్తానికి ఒక అంకె. ఖర్చు పెట్టి జవాబుపత్రం కాపీ తెప్పించుకుంటే మార్జినులో ఇంకొన్ని అంకెలు కనిపిస్తాయి. పదిహేనుకి ఏడు. ఎనిమిది ఎందుకు కాలేదు? ఆ మాటకొస్తే ఆరు ఎందుకు కాలేదు? ఇలాంటి తగాదా చాలాసార్లు తన మార్కు చూసుకున్నప్పుడు కాక, పక్కవాడి మార్కు తెలిసినప్పుడు మొదలవుతుంది. ఒకే నోట్సు చదివి, అవే పాయింట్లు అదే వరుసలో రాసి, పరీక్ష ముందురోజు రాత్రి తన గదికే వచ్చి సందేహాలు తీర్చుకుని వెళ్లిన హాస్టల్ మిత్రుడికి అరవై దాటాయని తెలిసేసరికి, అంతదాకా మామూలుగా ఉన్న నలభై ఆరు గుచ్చుకోవడం మొదలుపెడుతుంది. మరి అన్యాయం జరిగింది పేపరు దిద్దినప్పుడా, మెమోలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడా? రెండోదే అయితే దాని పేరు అసూయ. కానీ ఒకే సరుకుకి రెండు ధరలు పడ్డాయన్నదీ నిజమే కదా.

ఆ అంకె పుట్టే చోటు స్పాట్ వాల్యుయేషన్ కేంద్రం. బెంచీల మీద కట్టలు కట్టలుగా జవాబుపత్రాలుంటాయి. విద్యార్థి పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగాన్ని వేరుచేసి, కోడ్ నంబరో బార్‌కోడో మాత్రం ఉంచుతారు. ఎగ్జామినరుకి పూటకింత కట్ట, పేపరుకింత పారితోషికం. రోజుకి నలభై పేపర్లు, ఆరు గంటల పని అనుకుంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు వస్తాయి. మూడు గంటలు కూర్చుని రాసిన ముప్పై పేజీలకు తొమ్మిది నిమిషాలు. మార్కులు మొదటి పేజీ గడుల్లోకి ఎక్కించడం, కూడడం, సంతకం పెట్టడం కూడా అందులోనే. దేనికి ఎన్ని వేయాలో చెప్పే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ఒకటి ముందుంటుంది. ఉపోద్ఘాతానికిన్ని, ముఖ్యాంశాలకిన్ని, ముగింపుకిన్ని అని అది పంచిపెడుతుంది. కొన్ని పేపర్లను చీఫ్ ఎగ్జామినరు మళ్లీ తిరగేస్తారు. ఇదంతా విద్యార్థులకూ తెలుసు. స్కెచ్ పెన్నుతో ఉపశీర్షికలు, వాటి కింద జంట గీతలు, నాలుగు మాటలు రాసి బాక్సు కట్టడం, అడిషనల్ షీట్లు పెంచడం అలా పుట్టిన విద్యలే. జానలు కొలిచి మార్కులేస్తారన్న హాస్టల్ మాట పూర్తిగా అబద్ధమా? తొమ్మిది నిమిషాల్లో కన్ను ఆగేది గీతల దగ్గరే. నిజంగా ఆలోచించి, ఒక వాదాన్ని మొదటి వాక్యం నుంచి చివరిదాకా నడిపించిన వ్యాసం ఉపశీర్షికల్లో ఇమడదు. అందుకే ఈ పద్ధతిలో ఎక్కువ నష్టపోయేది బాగా రాయనివాడు కాడు, వేరేగా రాసినవాడు.

అలసట, తొందర లేకపోతే మార్కులు ఒకేలా పడతాయా అన్నది ఈ కాలపు సందేహమేమీ కాదు. బ్రిటిష్ ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1888లో పరీక్షల గణాంకాల మీద రాసిన వ్యాసంలో ఒకే లాటిన్ గద్యరచనకు 28 మంది వేసిన మార్కుల్ని వరుసగా పేర్చి చూపించాడు. వందకి 45 వేసినవారున్నారు, నిండుగా 100 వేసినవారూ ఉన్నారు. అందరూ ఆ భాషలో పండితులే, ఎవరూ తొందరలో లేరు. రెండేళ్ల తర్వాత ఆయన ఐసీఎస్ వంటి పోటీ పరీక్షల్లో అదృష్టం పాలు ఎంతో లెక్కగట్టాడు. ఎంపిక గీతకి అటూ ఇటూ ఉన్నవారిలో ఎవరు గెలిచారన్నది చాలావరకు ఏ ఎగ్జామినరు చేతిలో పడ్డారన్న దాన్ని బట్టి ఉంటుందని తేలింది. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ఇంగ్లీషు పేపర్ల నకళ్లను 140 మందికి పైగా ఉపాధ్యాయులతో దిద్దించారు. ఒకే పేపరు కొందరి దగ్గర తప్పింది, కొందరి దగ్గర తొంభై దాటింది. సాహిత్యం కదా, అభిరుచి కొద్దీ మారుతుందిలే అని సరిపెట్టుకునేవారి కోసమన్నట్టు, మరుసటి ఏడాది జ్యామితి పేపరుతో అదే పని చేశారు. తేడా ఇంకా పెద్దదైంది. సిద్ధాంతం సరిగా ఉండి జవాబు తప్పితే ఎన్ని వేయాలి, పటం వంకరగా ఉంటే ఎన్ని తీసేయాలి అన్న చోట ఎవరి న్యాయం వారికుంది. లెక్కల పేపరులో కారణం కనిపిస్తుందేమో గాని, అది ఒక్కటే ఉంటుందని నమ్మకం లేదు.

వీటన్నిటికన్నా మనసుని కలవరపెట్టే ప్రయోగం 1935 నాటిది. దాన్ని నడిపించిన ఫిలిప్ హార్టోగ్ మన దేశానికి పరాయివాడు కాదు. ఢాకా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్, భారతదేశంలో విద్య స్థితి మీద 1929లో నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడు. రోడ్స్ అనే గణాంకవేత్తతో కలిసి ఆయన అంతకుముందు అధికారికంగా ఒకే మార్కు పొందిన పదిహేను చరిత్ర పేపర్లను తీసుకుని పదిహేను మంది ఎగ్జామినర్లకిచ్చాడు. ఏడాదో, ఏడాదిన్నరో గడిచాక, పాత గుర్తులేవీ లేకుండా అవే పేపర్లను ఆ ఎగ్జామినర్లలో పద్నాలుగు మందికి మళ్లీ ఇచ్చాడు. ఫెయిలా, పాసా, అంతకు మించిన శ్రేణా అన్న తీర్పు 210 సందర్భాల్లో 92 సార్లు మారిపోయింది. ఇక్కడ పోటీ ఇద్దరు ఎగ్జామినర్ల మధ్య కాదు. ఒకే మనిషికి, ఏడాది తర్వాతి తనకి మధ్య. రెండు తీర్పుల్లో ఏది అసలుది? రెండోసారి దిద్దిందే సరైనదని నమ్మడానికి ఆధారమేముంది? ఈ ప్రశ్నకు జవాబు లేకుండానే రీవాల్యుయేషన్ అనే వ్యవస్థ మొత్తం నిలబడి ఉంది.

కాబట్టి అన్యాయమనే ఫిర్యాదులో మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉంటాయి. కూడికలో తప్పు, దిద్దకుండా వదిలేసిన జవాబు, కట్టలో నుంచి జారిపోయిన అడిషనల్ షీటు ఒక రకం. వీటిని ఎవరైనా చూపించవచ్చు, ఎవరైనా ఒప్పుకుంటారు. తీర్పులోని తేడా రెండో రకం. ఏడుకి బదులు పది రావాల్సిందన్న వాదన ఇదే, ఎడ్జ్‌వర్త్ నుంచి హార్టోగ్ దాకా చూపించిందీ ఇదే. మూడోది పక్షపాతం. యూనివర్సిటీ పరీక్షలో పేరు దాచినా రాసిన భాష దాగదు, దస్తూరీ దాగదు, చదివిన కాలేజీ స్థాయి వాక్యాల్లో తొంగిచూడకుండా ఉండదు. ఇంటర్నల్స్, వైవా, ప్రాక్టికల్స్‌లోనైతే మనిషే ఎదురుగా నిలబడి ఉంటాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై విచారించిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమకు న్యాయంగా మార్కులు పడడం లేదన్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మాట నమోదైంది. చిత్రమేమిటంటే, నియమాలన్నీ మొదటి రకానికి తలుపులు బార్లా తెరిచి, రెండోదానికి ఓరగా తీసి ఉంచి, అన్నిటికన్నా గాయపరిచే మూడోదాన్ని నిరూపించుకు రమ్మంటాయి.

మొదటి తలుపు రీకౌంటింగ్. ఎగ్జామినేషన్ బ్రాంచిలో రుసుము కట్టి దరఖాస్తు పెడితే ఎవరో ఒకరు మార్కులు మళ్లీ కూడి, దిద్దని జవాబేదైనా ఉందేమో చూస్తారు. రీవాల్యుయేషన్ అంటే వేరే ఎగ్జామినరు మొదట్నుంచి దిద్దడం. రెండిటికీ మధ్య తేడా చాలా ఎక్కువయితే మూడో వ్యక్తి దగ్గరికి పంపడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. పీజీ పరీక్షల్లో కొన్ని విశ్వవిద్యాలయాలు ముందే ఇద్దరితో దిద్దిస్తాయి. తగ్గిన మార్కు తగ్గినట్టే ఖాయమవుతుందా, రెండిట్లో ఎక్కువది ఉంచుతారా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది గనుక, దరఖాస్తుకి ముందు చదవాల్సిన నిబంధన అదే. సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో చాలెంజ్ వాల్యుయేషన్ అని ఇంకొకటి ఉంది. దాని రుసుము వేలల్లో ఉంటుంది, మార్కు గణనీయంగా పెరిగితే అందులో ఎక్కువ భాగం తిరిగి ఇచ్చేస్తారు. పందెం కాసినట్టే. గెలుస్తానన్న ధీమా ఉన్న పేద విద్యార్థి ఆ పందేనికి డబ్బు ఎక్కడ తేవాలి? ఈ ప్రశ్న నోటిఫికేషన్లలో కనిపించదు.

మళ్లీ దిద్దిస్తే ఏమవుతుందో తెలుగువారికి పుస్తకాల్లో వెతుక్కోనక్కర్లేదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే అది తొంభై తొమ్మిది. ఆ వేసవిలో పిల్లల ఆత్మహత్యలతో రాష్ట్రం అట్టుడికి, తప్పిన వారందరి పేపర్లనూ రుసుము లేకుండా తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అది తీర్పు తేడా కాదు, గడులు నింపడంలో నిర్లక్ష్యం. తీర్పు తేడా ఎలా ఉంటుందో ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1 చూపించింది. 2018 నోటిఫికేషన్ కింద జరిగిన మెయిన్స్ పేపర్లను స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దించారు. నోటిఫికేషన్లో చెప్పని పద్ధతి అది అంటూ అభ్యర్థులు హైకోర్టుకి వెళ్లారు. చేత్తో, కాగితం మీద దిద్దాలని 2021 అక్టోబరులో కోర్టు ఆదేశించింది. అవే వ్యాసాలు, అదే స్కీము. అయినా రెండో జాబితాలో మొదటి జాబితా పేర్లు చాలా గల్లంతయ్యాయి, కొత్తవి వచ్చి చేరాయి. ఆ తర్వాతా వ్యాజ్యాలు ఆగలేదు. మొదటి జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనివాడికి జరిగింది న్యాయమా, అన్యాయమా? రెండోదాంట్లో కొత్తగా వచ్చినవాణ్ణి అడిగితే ఒక జవాబు, ఇతన్ని అడిగితే ఇంకొకటి.

అసలు దిద్దిన పేపరు చూసే హక్కే విద్యార్థికి చాలాకాలం లేదు. మహారాష్ట్ర బోర్డు కేసులో 1984లో సుప్రీంకోర్టు, నిబంధనలు ఒప్పుకోనప్పుడు జవాబుపత్రం చూపించమని గాని, మళ్లీ దిద్దమని గాని అడిగే హక్కు లేదంది. లక్షల పేపర్లను అడిగిన వాడికల్లా చూపిస్తూ కూర్చుంటే ఫలితాలకు అంతం ఉండదన్నది అందులో ముఖ్యమైన వాదం. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక గాలి మారింది. ఒక విద్యార్థి కలకత్తా విశ్వవిద్యాలయం మీద వేసిన కేసులో 2008లో కలకత్తా హైకోర్టు, దిద్దిన పేపరు చూపించాల్సిందేనని చెప్పింది. 2011 ఆగస్టు 9న ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు దాన్ని స్థిరపరిచింది. దిద్దిన జవాబుపత్రం కూడా సమాచారమే, అడిగితే ఇవ్వాలి, ఎగ్జామినరు పేరు మాత్రం కప్పేయాలి. పది రూపాయల రుసుముతో, పేజీకి రెండు రూపాయల ఖర్చుతో, ముప్పై రోజుల గడువులో ఇప్పుడు అది చాలా కేంద్ర సంస్థల దగ్గర సాధ్యం. రాష్ట్రాల రుసుములు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. సంస్థ తన సొంత నియమాల కింద కాపీకి ఎక్కువ రుసుము పెట్టుకున్నా, సమాచార హక్కు దారిలో అడిగినవారి దగ్గర ఆ చట్టపు రుసుమే తీసుకోవాలని 2019లో కంపెనీ సెక్రటరీల సంస్థ కేసులో తేలింది. అయితే చూసే హక్కు వేరు, దిద్దించుకునే హక్కు వేరు. 2011 తీర్పు రెండోదాన్ని ఇవ్వలేదు. 2017 డిసెంబరులో రణ్‌విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గీతను ఇంకా గట్టిగా గీసింది. నిబంధనల్లో లేనప్పుడు, తర్కించి చూపాల్సిన అవసరమే లేనంత స్పష్టమైన పొరపాటు ఉంటే తప్ప కోర్టులు కలగజేసుకోకూడదని, సందేహం వస్తే దాని లాభం పరీక్ష నడిపినవారికే దక్కాలని అంది.

ఇలా 1984 నుంచి 2011 దాకా ఇరవై ఏడేళ్లు కోర్టుల్లో నలిగి చేతికొచ్చిన కాపీలో ఏముంటుంది? టిక్కులు, అడ్డగీతలు, అంకెలు. ఒక పేరా పక్కన నిలువుగీత ఉంటుంది. బాగుందనా, అనవసరమనా? రెండు పేజీల మీద ఏ గుర్తూ ఉండదు. చదివి ఊరుకున్నారా, పేజీలు తిప్పేశారా? మన విశ్వవిద్యాలయాల్లో జవాబుపత్రం మీద వ్యాఖ్య రాసే అలవాటు లేదు, రాసే తీరికా లేదు. చట్టం పుణ్యమా అని కాగితం బయటికొచ్చింది గాని, దాని మీద ఎన్నడూ రాయని కారణాన్ని ఏ చట్టం బయటికి తెస్తుంది? సగం తగాదాలు పుట్టేది తక్కువ మార్కు వల్ల కాదు, ఈ మౌనం వల్లే. నీ వాదం బాగుంది కాని అడిగిన ప్రశ్న అది కాదని రెండు ముక్కలు రాసి ఏడు వేస్తే, ఆ ఏడుని చాలామంది మింగుతారు.

పై చదువులకు బ్రిటన్ వెళ్లిన తెలుగు విద్యార్థికి ఈ తేడా మొదటి వ్యాసంతోనే అనుభవానికొస్తుంది. తొంభైలకు అలవాటు పడ్డవాడికి మాస్టర్స్‌లో మొదటి వ్యాసానికి 58 వస్తుంది. యాభైకి పాసు, అరవై దాటితే మెరిట్, డెబ్బై దాటితే డిస్టింక్షన్ అన్న కొలత అప్పుడు గాని ఒంటబట్టదు. కానీ ఆ 58తో పాటు ఎక్కడ వాదన బలహీనపడిందో, ఏ పుస్తకం చూడాల్సిందో చెప్పే వ్యాఖ్య ఉంటుంది. మోడరేషను, బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఎగ్జామినరు వంటి కట్టుబాట్లు వెనక ఉంటాయి. ఇన్ని ఉన్నాయి గనుకే కాబోలు, అప్పీలు దారి ఇక్కడికన్నా ఇరుకు. నియమం తప్పారనో, పక్షపాతముందనో, అనారోగ్యం లాంటి కారణాన్ని లెక్కలోకి తీసుకోలేదనో చెప్పవచ్చు తప్ప, వ్యాసం విలువ ఇంకా ఎక్కువని వాదించడానికి వీల్లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి ఉన్నత విద్యా చట్టం కింద ఏర్పడ్డ స్వతంత్ర ఫిర్యాదుల సంస్థ కూడా విద్యా విషయక నిర్ణయాన్ని ముట్టుకోదు. భారత వలసపాలన చరిత్ర పేపరు పాఠం సరిగా చెప్పకపోవడం వల్లే తనకు మొదటి శ్రేణి తప్పిందని ఆక్స్‌ఫర్డ్ పూర్వ విద్యార్థి ఒకరు లండను హైకోర్టుకెక్కితే, 2018లో దావా కొట్టేశారు.

మన దగ్గర 2023 ఏప్రిల్లో యూజీసీ తెచ్చిన నిబంధనలు ప్రతి విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఫిర్యాదుల కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలంటాయి. కమిటీకి పదిహేను పనిదినాలు, అంబుడ్స్‌పర్సన్‌కి ముప్పై రోజులు గడువు. మార్కు చాలలేదంటే అక్కడా వినరు. ఫలితాన్ని మార్చేంత అవకతవకనో, వివక్షనో ప్రత్యేకంగా చూపితేనే చెవిన వేసుకుంటారు. అందువల్ల ఫలించే దరఖాస్తు ఎప్పుడూ చప్పగా ఉంటుంది. నాలుగో ప్రశ్న బి భాగం పదిహేడో పేజీలో ఉంది, దానికి మార్కు వేయలేదు. స్కీములో రెండో అంశానికి నాలుగు మార్కులున్నాయి, అది పన్నెండో పేజీలో ఉన్నా మార్కులు ఇవ్వలేదు. అంతే. రాత్రింబవళ్లు కష్టపడి చదివానన్న వాక్యం, మిగతా పేపర్లన్నిట్లో ఫస్ట్ క్లాసన్న వాక్యం, ఇంట్లో పరిస్థితి చెప్పే పేరా, నిజాలే అయినా, పేపరు గురించి ఏమీ చెప్పవు. ఇంటర్నల్ మార్కు సంగతైతే దరఖాస్తు కన్నా ముందు సారుని కలవడమే నయం. ఎందుకు తగ్గించారని అడిగితే తలుపు మూసుకుంటుంది. ఎక్కడ మెరుగుపరుచుకోవాలో చూపించమంటే, ఒక్కోసారి చూపిస్తూ చూపిస్తూ ఆయనకే తన తప్పు కనిపిస్తుంది. ఆ సారే రేపు ప్రాజెక్టు గైడు, ఎల్లుండి సిఫారసు లేఖ రాసేవాడు అన్న భయం కూడా ఉత్త పిరికితనమేమీ కాదు. దానికి మందు కోర్టుల దగ్గర లేదు.

విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఒకటుంది, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌ను ఫలితాలతో పాటే బయటపెట్టడం, పదిహేను మార్కుల ప్రశ్న ప్రతిదానికీ ఎగ్జామినరు చేత ఒక వాక్యం రాయించడం, ఆ వాక్యానికి పట్టే సమయానికి కూడా పారితోషికం ఇవ్వడం. అది జరిగేదాకా విద్యార్థి గుర్తుంచుకోవాల్సింది గడువులే. రీవాల్యుయేషన్ దరఖాస్తుకి సాధారణంగా ఫలితాలు వెలువడిన నాటి నుంచి కొద్ది రోజులే ఇస్తారు, మెమో చేతికొచ్చేదాకా ఆగితే అది దాటిపోవచ్చు. కాపీ అడిగే హక్కు కూడా జవాబుపత్రాన్ని భద్రపరిచే గడువు ఉన్నంతకాలమేనని 2011 తీర్పులోనే ఉంది. ఆ కేసులో సీబీఎస్ఈ నిబంధన ప్రకారం ఆ గడువు మూడు నెలలు.